నాయినకు 71 ఏండ్లు, తిండి తగ్గిపోయింది. డబ్బా పౌడర్ కొనాల్నా?

డిండి_పిల్లగాడు · ఆదివారం, రాత్రి 9:40
అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు పల్లె. నేను హైదరాబాద్‌ల ఉంట. అమ్మ పోయి ఏడాదిన్నర అయితంది. నాయిన ఇంటికాడ ఒక్కడే. రమ్మంటే రాడు, "మీ ఫ్లాట్ల గోడలు చూసుకుంట కూసునుడు నాతోని గాదు" అంటడు. పోయిన దసరాకు 62 కిలోలు ఉండె. మొన్న పోయినప్పుడు వడ్ల కాంట మీద నిలవెడితే 56. కింద కూసుంటే చెయ్యి ఆసర లేంది లేస్తలేడు.
తినేది గిది: పొద్దుగాల చాయ, రెండు బిస్కెట్లు. పగటాల అన్నం, తొక్కు, సల్ల. రాత్రికి అదే అన్నం. షుగర్ ఉన్నది, ఎనిమిదేండ్ల సంది మెట్‌ఫార్మిన్ గోళి ఏస్కుంటడు. మెడికల్ షాపాయన "ముసలోళ్ళకు స్పెషల్" అని ఒక ప్రోటీన్ డబ్బా చూపెట్టిండు, వెయ్యికి పైననే. కొనాల్నా, వద్దా? తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

గద్వాల_కోడలు · ఆదివారం, రాత్రి 10:05
డబ్బా ఎందుకు తమ్మీ. తైదలు (రాగులు) పట్టించి అంబలి కాసియ్యమను. మా అత్తమ్మకు 78 ఏండ్లు, పొద్దుగాల తైదంబలి తాగందే గడప దిగదు. కాల్షియం మస్తు ఉంటది, 100 గ్రాముల తైదలల్ల 350 మిల్లీగ్రాములు దాటి ఉంటదని మా ఊరికొచ్చిన అంగన్‌వాడీ మేడమ్ చెప్పింది.

జడ్చర్ల_శీను · ఆదివారం, రాత్రి 10:21
అన్నా, రోగమంతా సన్నబియ్యంల ఉన్నది. ఎన్కట మా తాత మూడు పూటలు జొన్న రొట్టె, జొన్న గట్క, సజ్జ రొట్టె. 95 ఏండ్లు బతికిండు, ఒక్క గోళి మింగలే. ఇప్పుడు రేషన్ల గూడ సన్నబియ్యమే ఇస్తుండ్రు, ఇంక జొన్న ఎవరు తింటరు? బియ్యం బంద్ పెట్టియ్, పచ్చజొన్న తెప్పియ్. నెలల లేసి ఉరుకుతడు.

మిర్యాల_సిస్టర్ · ఆదివారం, రాత్రి 11:15
నేను నర్సుగా 19 ఏళ్ళ నుంచి పనిచేస్తున్నా. డబ్బా సంగతి, జొన్న సంగతి రెండూ తర్వాత. 62 నుంచి 56 అంటే పదో వంతు పోయినట్టు. కావాలని తగ్గకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల 5 శాతం తగ్గినా మేము పట్టించుకుంటాం. ఇది తిండి తక్కువై కావచ్చు, షుగర్ అదుపు తప్పి కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, టీబీ కావచ్చు, ఇంకేదన్నా కావచ్చు. దగ్గు ఉందా, రాత్రి చెమటలు పడుతున్నాయా అడుగు. ముందు డాక్టర్‌కు చూపించి షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), విటమిన్ బీ12 చేయించు.
బీ12 మర్చిపోకు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే అది తగ్గుతుంది. వయసు మీదపడితే కడుపులో యాసిడ్ తగ్గి, తిన్న దాంట్లోంచి బీ12 సరిగా పట్టదు. పైన రోజూ గ్యాస్ గోళీ కూడా వేసుకుంటుంటే ఇంకా కష్టం. కాళ్ళు తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు, అన్నీ "ముసలితనం" కిందే జమ కట్టేస్తాం మనం.
క్రియాటినిన్ ఎందుకంటే, కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళకు ప్రోటీన్ ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపాయన చెప్పేది కాదు.

డిండి_పిల్లగాడు · ఆదివారం, రాత్రి 11:32
అక్కా, దగ్గు లేదు. గ్యాస్ గోళి రోజు ఏస్కుంటడు, ఎవరు రాసిచ్చిండ్రో గూడ యాదికి లేదు. ఈ వారమే తీస్కపోత.

పాత_పంతులు · సోమవారం, ఉదయం 6:10
నేను 68 ఏళ్ళవాడిని, కాబట్టి ఇది నా సొంత వ్యవహారం కూడా. లెక్కల మాస్టారిగా చేశాను, ఒక లెక్క చెప్తాను.
తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అంటుంది. అరవై దాటినవాళ్ళ కండ నిలవాలంటే 1 నుంచి 1.2 గ్రాముల వరకు ఉండాలని వృద్ధుల ఆహారం మీద పనిచేసేవాళ్ళు చాలామంది చెప్తున్నారు. మీ నాన్నగారి 56 కిలోలకు కిలోకు ఒక గ్రామే అనుకుందాం, అంటే 56.
ఇప్పుడాయన తింటున్నది చూడండి. పావుకిలో బియ్యం వండుకుంటే 20 గ్రాముల లోపు. పలచటి చల్ల, బిస్కెట్లు కలిపి ఇంకో ఐదు. మొత్తం 25. సగం కూడా లేదు.
అదే బియ్యం 200 గ్రాములకు తగ్గించి (16), కందిపప్పు 50 గ్రాములు (11), రెండు గుడ్లు (12), పావు లీటరు గట్టి పెరుగు (8), గుప్పెడు వేరుశనగలు (7) చేరిస్తే 54. డబ్బా లేకుండానే దాదాపు చేరుకున్నాం. 2024లో ఆ సంస్థ వెలువరించిన 17 ఆహార సూత్రాల్లో కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని ఒకటుంది. వృద్ధులకు పోషకాలు దండిగా ఉన్న తిండి పెట్టాలని విడిగా మరొకటుంది.
శీను గారూ, మీ తాతగారి సంగతి సంతోషం. కానీ 95 ఏళ్ళు బతికినాయన్నే మనం గుర్తుపెట్టుకుంటాం. అదే జొన్నరొట్టె తిని యాభైకి పోయినవాళ్ళు ఊరికి ఎంతమందో మీ తాతగారే చెప్పి ఉండేవారు.

జడ్చర్ల_శీను · సోమవారం, ఉదయం 7:45
సార్, మీరు లెక్కల సారా, మా తాతకు శత్రువా 😀 జొన్న మంచిది గాదంటరా?

పాత_పంతులు · సోమవారం, ఉదయం 8:20
మంచిదే. 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, బియ్యంలో 8 లోపు. పీచు ఎక్కువ. నేనూ రాత్రిపూట రొట్టే తింటాను. కానీ జొన్న ఒక్కటే పెట్టి పక్కన పప్పు, కూర లేకపోతే అదీ వట్టి పిండి కుప్పే. మా చిన్నప్పుడు రొట్టె, ఎండుమిరపకాయ కారం, అంతే. దాన్ని ఇప్పుడు "పాతకాలపు బలమైన తిండి" అని పొగడడం నాకు నవ్వొస్తుంది. మేం తిన్నది అది దొరికింది గనుక.

మర్రిగూడ_నీళ్ళు · సోమవారం, ఉదయం 9:02
జొన్న ముచ్చట వచ్చింది గనుక చెప్తున్న. మాది ఫ్లోరైడ్ ఇలాక. 1970లల్ల పోషకాహార సంస్థ వాళ్ళు మా నల్లగొండ ఊళ్ళల్ల తిరిగి, మోకాళ్ళు లోపటికి వంగిన పోరగాళ్ళను చూసి రాసిండ్రు. ఆ పేదిండ్లల్ల తిండంటే జొన్ననే. నీళ్ళల్ల ఫ్లోరైడ్, తిండిల కాల్షియం లేకపోవుడు, జొన్నల మాలిబ్డినం అనేటిది ఎక్కువుండి ఒంట్ల రాగి (కాపర్) పోవుడు, గిన్ని కలిసినయని వాళ్ళ అనుమానం. జొన్న తింటె కాళ్ళు వంకరయితయని గాదు నేననేది. నీళ్ళు చెడ్డ కాడ, పాలు, ఆకుకూర లేని కాడ, ఒక్క గింజ మీదనే బతికితే ఏ గింజ అయినా కాపాడదు.
పిల్లగా, నీకు చెప్పేటి అసలు ముచ్చట: మీ నాయిన ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతుండు? దేవరకొండ దిక్కు గూడ చానా ఊళ్ళల్ల బోర్ల ఫ్లోరైడ్ ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. మిషన్ భగీరథ పథకం కింద నల్లాలల్ల కృష్ణ నీళ్ళొచ్చినంక మా దిక్కు కొత్త పిల్లలు బతికిపోయిండ్రు గని, మా ఈడు వాళ్ళ మెడలు, నడుములు ఎప్పుడో బిగుసుకపోయినయ్. మా చిన్నాయిన మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలె. నల్లా నీళ్ళు రాని రోజు ముసలోళ్ళు మళ్ళ బోరు నీళ్ళే కొట్టుకుంటరు, "రుచి ఉంటయి" అని. కాల్షియం మంచిగ తింటె ఫ్లోరైడ్‌ను కడుపులనే పట్టుకుంటది, ఒంటికి తక్కువ పోతది. పాలు, పెరుగు, నువ్వులు వదలొద్దు. చాయ గూడ తగ్గియ్యాలె, చాయ ఆకుల ఫ్లోరైడ్ ఉంటది. మావోళ్ళు రోజుకు ఆరు గిలాసలు తాగుతరు, అదీ పాలు లేకుంట.

ఆరోగ్య_భాండాగారం · సోమవారం, ఉదయం 9:30
[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు · సోమవారం, ఉదయం 9:41
"మోకాళ్ళకు 21 మూలికల పొడి" అమ్మే పోస్టు తీసేశాం. ఇదే ఖాతా నుంచి మూడోసారి. ఇక్కడ ఏ పొడీ అమ్మవద్దు.

బత్తాయి_తోట · సోమవారం, మధ్యాహ్నం 1:15
మా నల్లగొండ బత్తాయిని ఎవరూ యాది చెయ్యలే, బాధయితంది. ఆకుకూర తినేటప్పుడు పక్కన ఒక బత్తాయో నిమ్మకాయో ఉంటె ఆకుల ఇనుము ఒంటికి మంచిగ పడతది. షుగర్ ఉన్నోళ్ళు రసం తీస్కోవద్దు, కాయ ఒలుచుకొని తొనలు తినాలె. మూడు కాయలు పిండితే ఒక గిలాస, తినమంటే ఒక్కటి తిని చాలంటరు. గంతే తేడా.
ఇంకొక్క ముచ్చట. మా పెద్దనాయినకు గుండె వాల్వు ఆపరేషన్ అయ్యింది, రక్తం పల్చగ ఉండే గోళి ఏస్తడు. ఎవరో ఆకుకూరలు మంచియన్నరని రోజు తోటకూర, మునగాకు షురూ చేసిండు. రక్త పరీక్షల లెక్క తప్పింది, డాక్టర్ తిట్టిండు. ఆకుకూరల విటమిన్ కే ఉంటదట, అది ఆ గోళికి ఎదురు పనిచేస్తదట. మానమనలే, రోజు ఒక్కతీరుగ తినమన్నడు. అసోంటి గోళి ఏస్కునేటోళ్ళు ఒక్కసారిగ మార్చొద్దు.

పాలమూరు_పోరి · సోమవారం, మధ్యాహ్నం 2:30
మా అమ్మ అడగమన్నది: మేకకాళ్ళ పాయ తాగితే మోకాళ్ళల్ల గుజ్జు వస్తదంటరు, నిజమేనా?

మిర్యాల_సిస్టర్ · సోమవారం, సాయంత్రం 6:50
గుజ్జు నేరుగా మోకాల్లోకి పోదమ్మా. పాయలో ఎముక నుంచి దిగే కాల్షియం కొంచెమే, పైన నూనె, ఉప్పు దండిగా. రుచికి ఎప్పుడన్నా తాగండి, మందు అనుకోకండి. ఎముకలకు కావాలంటే చిన్న చేపలు ముళ్ళతో సహా నమిలేట్టు పులుసు పెట్టండి. ఎండు చేపల్లో ఉప్పెక్కువ, బీపీ ఉంటే వద్దు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, టీస్పూన్ మట్టం దాటకూడదు. తొక్కుతో రెండు పూటలు తినే ముసలివాళ్ళు దాన్ని తొక్కులోనే దాటేస్తారు.
తైదంబలి గురించి కూడా. గద్వాల అక్క చెప్పింది నిజమే, కాల్షియం ఉంది. కానీ మెత్తగా పట్టించి పలచగా కాస్తే షుగర్ ఉన్నవాళ్ళకు తొందరగా ఎక్కుతుంది. మీ నాన్నకు చిన్న గిలాస చాలు, అందులో చల్ల కలిపి, పక్కన గుడ్డు పెట్టి. చిరుధాన్యం అయితే షుగర్ పెరగదని అనుకోవద్దు.

గద్వాల_కోడలు · సోమవారం, రాత్రి 8:10
సరే అక్కా, ఒప్పుకున్న. అయినా మీరందరు గ్రాములు, మిల్లీగ్రాములు అంటున్నరు, ఒక్కరు గూడ అసలు సంగతి అడగలే. తమ్మీ, మీ నాయినకు నోట్ల పండ్లున్నయా?
రెండోది, వంట ఎవరు చేస్తరు?

డిండి_పిల్లగాడు · సోమవారం, రాత్రి 9:25
అక్కా, ఫోన్ చేసి అడిగిన. కుడి దిక్కు దవడ పండ్లు మూడు పోయినయట, ఎడమ దిక్కు ఒకటి కదులుతుందట. నాకు తెల్వదు. ఏడాది సంది చెప్పలే. రొట్టె ఎందుకు మానినవంటే "నములుడు అయితలేదు" అన్నడు. అందుకే అన్నం, సల్ల.
వంట అంటే, అమ్మ ఉన్నన్ని దినాలు పొయ్యి దిక్కు పోలే. నేను కొనిచ్చిన రైస్ కుక్కర్ల బియ్యం పెట్టుడు ఒక్కటే వస్తది. కూర వండరాదు. పక్కింటి పిన్ని ఇస్తానంటే రోజూ అడుగుడు మంచిగుండదని వద్దంటడు. తొక్కు అమ్మ పెట్టిందే ఇంకా ఒక జాడి ఉన్నది.

జడ్చర్ల_శీను · సోమవారం, రాత్రి 9:40
అన్నా, నిన్న బియ్యం బంద్ పెట్టమన్న. కుక్కర్ల బియ్యం తప్ప ఏం రాని మనిషికి. ఏం అనుకోకు.

గద్వాల_కోడలు · సోమవారం, రాత్రి 10:30
గదే నేననేది. ముసలోళ్ళ తిండి దుకాండ్ల లేదు, నోట్ల ఉన్నది, ఇంట్ల ఉన్నది. ఇగ విను, మా మామయ్యకు నేను నేర్పింది చెప్త. ఆయన గూడ అసోంటోడే.
అదే కుక్కర్ల బియ్యంతోని ఒక చిన్న గిన్నెల నానబెట్టిన కందిపప్పు, తగినన్ని నీళ్ళు పోసి మూతపెట్టి దించాలె. నానితే మెత్తగ ఉడుకుతది. కుక్కర్ మీది జల్లెడల రెండు గుడ్లు. ఒక్క స్విచ్చికి మూడు అయితయి. పప్పుల ఉప్పు, పసుపు, కొంచెం చింతపులుసు. పోపు ఎయ్యరాకుంటే మానె, పైన చెంచడు నెయ్యి. ఆకుకూర కోసుడు రాకుంటే పుంటికూర (గోంగూర) ఆకులు తెంపి పప్పు గిన్నెలనే వెయ్యమను, కత్తితో పనిలేదు.
బుడ్డలు (పల్లీలు) నమలలేడు గద, వేయించి దంచి పొడి చేసి ఒక డబ్బ. నువ్వుల పొడి ఒక డబ్బ. నువ్వులల్ల తైదల కంటె కాల్షియం మూడింతలు. ప్రతి ముద్దకు చల్లుకోవాలె. నువ్వు నెలకొకపారి పోయినప్పుడు చేసి పెట్టు. బుడ్డలు నల్లగయినయి, బూజువట్టినయి ఏరి పారెయ్యాలె, పొడిల కలిసిపోతయని ఊకోవద్దు.
రొట్టె మీద పాణముంటే మానుడెందుకు? వేడి రొట్టె ఇరిచి పప్పుల, లేకుంటె పాలల్ల పావు గంట నానబెడితే పండ్లు లేనోళ్ళు గూడ తింటరు. జొన్న గట్క, పెరుగు అయితే నమిలేదే లేదు. దేవరకొండల జొన్న రొట్టెలు చేసి అమ్మెటోళ్ళు ఉంటరు, కనుక్కో.

పాత_పంతులు · మంగళవారం, ఉదయం 5:55
గద్వాల అమ్మా, నా లెక్కంతా మీ కుక్కర్ గిన్నెలో పట్టింది.
నా భార్య పోయి నాలుగేళ్ళు. మొదటి ఏడాది నేనూ అంతే తిన్నాను. ఆకలి లేదనుకున్నాను. ఆకలి ఉంది, ఒక్కడికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక. ఇప్పుడు మా వీధిలో నలుగురం ముసలివాళ్ళం మధ్యాహ్నం పూట ఒకరింట్లో కూర్చుని తింటాం. ఎవరి కూర వాళ్ళు తెచ్చుకుంటాం. ఒకాయన తెచ్చేది రోజూ టమాట పప్పే, తిట్టుకుంటూ తింటాం.
కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పదిసార్లు, రోజుకు రెండుపూటలు చేయించండి. మొదట్లో చేతులు ఆనించినా సరే. ప్రోటీన్ తిని కదలకుండా కూర్చుంటే కండ పట్టదు.

బత్తాయి_తోట · మంగళవారం, ఉదయం 7:30
సార్, మీ నలుగుట్ల నేనొస్త, బత్తాయిలు తెస్త. అన్నట్టు పొద్దుమీకి ఒక సీసా కల్లు తాగుడు వయసుకు మంచిదని మా తాత అంటుండె, దాని మీద ఎవరన్నా చెప్పుండ్రి 😀

మిర్యాల_సిస్టర్ · మంగళవారం, ఉదయం 8:15
తాత అంటాడు, కిందపడి తుంటి విరిగితే మా వార్డులో నేను చూసుకోవాలి. మత్తు మందు కలిపిన కల్లు తాగి వచ్చినవాళ్ళను చూశాను, రెండు రోజులు లేవరు. ముంజలు తినండి, ఆపను.

డిండి_పిల్లగాడు · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:50
అందరికి దండాలు. డాక్టర్‌కు చూపిచ్చిన. టీబీ లేదు, థైరాయిడ్ మంచిగున్నది, కిడ్నీ మంచిగున్నది. బీ12 మస్తు తక్కువున్నది, సూదులు రాసిచ్చిండు. గ్యాస్ గోళి అవసరం లేదని తీసేసిండు. హిమోగ్లోబిన్ గూడ తక్కువనే. కదిలే పన్ను పీకిచ్చినం, కట్టుడు పండ్లకు కొలతలు తీస్కున్నరు.
డబ్బా కొనలే. కుక్కర్ల గుడ్లు పెట్టుడు నేర్పిన. మొదటిరోజు మొత్తం ఎనిమిది గుడ్లు పెట్టిండట, ఒక్కొక్కటి పెడితే కరెంటు దండుగని. పక్కింటి పిన్నికి నెలకు ఇంత అని ఇచ్చుడు షురూ చేసిన, రెండు రొట్టెలు, ఏదో ఒక కూర రోజూ వస్తుంది. పైసలిస్తున్నం గనుక ఇప్పుడు వద్దంటలేడు, పైంగ "ఈరోజు ఉప్పు ఎక్కువైంది" అని పేర్లు పెడుతుండు. నీళ్ళు పరీక్షకు ఇచ్చిన, రిపోర్టు రాలే. అందాక నల్లా నీళ్ళు బిందెల పట్టి పెట్టమన్న.
నిన్న 57 చూపెట్టింది, అదే కాంట మీద. చెప్పులేసుకొని ఎక్కిండో లేదో తెల్వదు.
ఒక్క సమస్య. మిక్సీల పట్టిన బుడ్డల పొడి నచ్చుత లేదట, జిడ్డు జిడ్డుగ ఉన్నదట. అమ్మ దంచిన తీరుగ కావాల్నంటుండు. ఇంట్ల రోలు ఎప్పుడో పగిలింది. చిన్న రాతి రోలు, ముసలాయన కూసుండి దంచుకునేటంతది, ఎక్కడ దొరుకుతది?

గద్వాల_కోడలు · శనివారం, రాత్రి 9:15
అంగట్ల అడుగు, రాళ్ళు కొట్టెటోళ్ళు వస్తరు. కొన్నంక ముందుగాల నానిన బియ్యం రెండు మూడు మార్లు దంచి కడిగి పారబొయ్యి, ఇసుక పోవాలె. లేకుంటె ఉన్న పండ్లు గూడ పోతయి.